చామంతి అనుకున్న మొలక

నాకు పామంటే పెద్ద భయం లేదు. ఉరుమన్నా, చీకటన్నా లేదు. వానపడ్డ మూడోనాడు పెరట్లో రెండాకులతో పైకి లేచే పచ్చటి మొలకను చూస్తే మాత్రం ఈ వయసులో కూడా గుండె దడదడలాడుతుంది. నవ్వితే నవ్వండి. మా ఇంట్లో పిల్లలు ఎటూ నవ్వుతూనే ఉంటారు, "మొలక కరుస్తదా?" అని. కరుస్తుంది. మా ఇంట్లో కరిచింది.

అరవైల్లో మేము తాండూరులో ఉండేవాళ్ళం. స్టేషన్‌కు అవతల, బండలు నిలువుగా పాతి కట్టిన ప్రహరీ ఉన్న ఇల్లు. నాకప్పుడు పదేళ్ళు. ఇంట్లో నాయిన, అమ్మ, నాయనమ్మ, నేను, ఇంకా పాలు మరవని చెల్లె. ఊరి బయట మాకు కొంత కంది చేను ఉండేది, దాని సంగతి నాయిన చూసుకునేవాడు. ఇంటి వెనక పెరడు మాత్రం అమ్మది. అమ్మను అడగకుండా అందులో ఒక కొమ్మ నరికే ధైర్యం నాయనమ్మకు కూడా లేదు.

ఆ పెరట్లో కొన్ని మొక్కలు ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండేవి. మల్లె, నందివర్ధనం, బావి పక్కన గన్నేరు, చామంతి. చామంతి మొదలు తవ్వి, పిలకలు విడదీసి, అమ్మ ఏటా కొత్త పాదుల్లో పెట్టేది. మిగతావి ఎవరూ నాటనివి. బంతి, గునుగు, చంద్రకాంత, తులసి. ఎండిన పూలను అమ్మ కొమ్మల మీదే ఉంచి, ఎండాకాలంలో ఒకనాడు చేత్తో నలిపి దులిపేది. అంతే, వాటి సంగతి మళ్ళీ పట్టించుకునేది కాదు. మృగశిర కార్తెలో మిరుగు వాన పడిందంటే పెరట్లో కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు.

ఆ మొలకలు ఏరే పని నాది. ఒత్తుగా ఉన్నచోట పీకాలి, పలచగా ఉన్నచోటికి మార్చాలి, గడ్డి అయితే పారెయ్యాలి. నాకేమో చేతికందిందల్లా పీకెయ్యాలని తొందర. అమ్మ వెనకనుంచి అరిచేది: "ఏయ్ పోరీ, గుడ్డిగ పీక్కుంట పోకు! ముందుగాల మొకం సూడు. ఎవలో ఏందో ఎరుకైనంక పీకు." తనంత తానుగా వచ్చినదాన్ని, అదేమిటో తెలియకుండా తీసెయ్యడం ఆమె దృష్టిలో పాపం. పూసేదాకా ఆగేది. పూశాక నచ్చకపోతే అప్పుడు తీసేది.

ఆ ఏడు ఎండాకాలం నాయిన గూడ్స్ షెడ్డు వెనక పారబోసిన చెత్త బండెడు తెచ్చి పెరట్లో పోశాడు. గోనెల్లోంచి రాలిన గింజలు, పొట్టు, ఊడ్చిన దుమ్ము, అంతా కలిసి మురిగిన ఎరువు. "బంగారమసొంటి ఎరువు" అని నాయిన మురిసిపోయాడు. అమ్మ ఇంకా మురిసిపోయి అన్ని పాదుల్లో తలా కొంత వేసింది.

వాన పడింది. అన్నిటితోపాటు నాకు తెలియని రకం మొలకలు పాదుపాదుకూ లేచాయి. ఆకు అంచంతా చీలికలు చీలికలుగా ఉంది. నేను ఎగిరి గంతేశాను. "అమ్మా, చామంతి! గింజకు మొల్సింది సూడు!"

అమ్మ వంగి చూసింది. రెండు వేళ్ళతో మొదలు పట్టుకుంది. "ఆకైతే గట్లనే ఉన్నది గని, చామంతి గింజకు గింతగనం మొలుస్తదా? నాకైతే అనుమానమే."

ఆమె పీకబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. "పీకకే అమ్మా! నువ్వే అంటివి గద, మొకం సూడాలెనని. పూసినంక సూద్దాం."

"ఓసినీ! నా మాట నాకే అప్పజెప్తున్నవా?" అని అమ్మ నవ్వింది. వేళ్ళు వదిలేసింది. నా గెలుపుకు నేను రెండు రోజులు పొంగిపోయాను.

అవి నా నడుమెత్తు పెరిగాయి. చామంతి కాదని తొందరగానే తెలిసింది. సన్నటి తెల్ల పూలు, నూకలు చల్లినట్టు. అయినా అమ్మ తీసెయ్యలేదు. బంతిపూల మధ్య పెట్టి దండ కడితే నిండుగా ఉంటుందని ఉంచింది. రోజూ వాటి మధ్యనే కూర్చుని కలుపు తీసేది, వాటి కొమ్మలే తుంచేది.

శ్రావణంలో అమ్మకు దురద మొదలైంది. ముందు వేళ్ళ సందుల్లో, తర్వాత మెడ మీద, కనురెప్పల మీద. చర్మం నల్లబడింది, మందంగా అయింది, పగిలి నీరు కారింది. నాయనమ్మ పసుపు రాసింది, వేపాకు నూరి పట్టించింది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ వచ్చేది. భాద్రపదం వచ్చేసరికి మా అమ్మ మొహం మా అమ్మ మొహంలా లేదు. 

ఒకరోజు పొద్దున నేను వడ్ల గుమ్మి వెనక ఉన్నాను. నాయనమ్మ నాయినతో గొంతు తగ్గించి అంటున్న మాట విన్నాను. "పెద్దరోగం రా కొడకా. మా చిన్నప్పుడు మా వాడకట్టుల గిట్లనే అయింది. చెవులు గట్లనే దొడ్డుగైనయి."

 "ఏం జేద్దామే?" అన్నాడు నాయిన. అంత పెద్ద మనిషి ఏం చెయ్యాలో ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు.

"బతుకమ్మ పండుగ ఎల్లనియ్యి. వికారాబాద్ డాక్టర్‌కు సూపియ్యి. గాయన గూడ గదే అంటే, గటు నుంచి గటే పెద్దరోగపోళ్ళను ఉంచే దూరం దవాఖానకు తోలాలె. పసిపిల్ల ఉన్నది ఇంట్ల. గాడికి పోయినోళ్ళు తిరిగొచ్చుడు నేనైతే సూడలే."

పెద్దరోగమంటే కుష్టు అని నాకు తెలుసు. పండుగ ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత అమ్మ ఉండదు.

ఆ రోజునుంచి అమ్మ కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. చెల్లెను నాయనమ్మ తన దగ్గరే పెట్టుకుంది. మేకపాలు పట్టింది. పిల్ల ఏడుస్తుంటే అమ్మ వెనక గడపమీద కూర్చుని రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వినేది. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. ఇంట్లో ఏదీ ముట్టకూడదు గనుక పెరట్లోకి పోయేది. అక్కడ ఎవరూ ఏమీ అనరు. పొద్దంతా ఆ తెల్ల పూల మధ్యనే ఉండేది. రోగం ఇంకా ముదిరేది.

బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు ఏటా వాడకట్టు ఆడవాళ్ళు గంపలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేవాళ్ళు. గునుగు మా ఇంట్లో ఉన్నంత ఒత్తుగా ఎక్కడా ఉండేది కాదు. ఆ ఏడు ఎవరూ రాలేదు. అమ్మ తానే కోసి, గంప నింపి, ముందు అరుగు మీద పెట్టింది. "నేను లోపల్నే ఉంట. వచ్చి తీస్కపోతరు" అంది. పొద్దుగూకేదాకా నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. పక్కింటి ఆమె, అమ్మను నోరారా "వదినె" అని పిలిచే మనిషి, మా అరుగు రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోయింది. గంప పెట్టింది పెట్టినట్టే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరూ రాకపోతే మానె, మా బతుకమ్మే ఊరందరికన్నా ఎత్తుగా పేరుస్తానని పంతం పట్టాను. మర్నాడు ఆ తెల్ల పూల మొక్కలు ఒక మోపు విరిచి, ఎడమ చేతి మీద ఎత్తుకుని వచ్చాను. రెండు రోజులకు ఆ చేతికే, మోచేతి మడతలో, దురద లేచింది. ఎర్రగా పొక్కింది.

ఎంత భయపడ్డానో చెప్పలేను. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని దాచాను. పక్కలో పడుకుని నా చెవులు లావయ్యాయేమోనని తడుముకున్నాను. మధ్యలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది: మంచిదే, నన్ను కూడా అమ్మతోనే తోలుతారు. అంతలోనే చెల్లె ఏడ్చింది. దానికి ఎవరున్నారని నాకూ ఏడుపొచ్చింది.

పండుగ ముగిసే సద్దుల బతుకమ్మ తర్వాత మూడోనాడు వికారాబాద్ రైలెక్కాం. నేనూ వస్తానని నాయిన కాళ్ళు పట్టుకుంటే తీసుకుపోయాడు. అమ్మ మొహం నిండా కొంగు కప్పుకుంది. ఎదురుగా కూర్చున్న ఒకామె అమ్మ చేతులు చూసి పిల్లను ఎత్తుకుని వేరే చోటికి పోయింది. అమ్మ చేతులు కొంగులోకి లాక్కుంది. నాయిన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక చిన్న మూట ఉంది. అందులో అమ్మ చీరలు రెండు ఉన్నాయని నాకు తెలుసు.

డాక్టరు ముసలాయన. అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, "కండ్లు మూస్కోమ్మా. ఏడ గుచ్చుతున్ననో చెప్పు" అని గుండుసూది తీశాడు. నల్లబడ్డ చోటల్లా గుచ్చాడు. గుచ్చినప్పుడల్లా అమ్మ "అబ్బా" అంది. నేను ప్రతి అబ్బాకూ ఏడ్చాను. ఆ అబ్బాల్లోనే మా అదృష్టం ఉందని నాకెవరు చెప్పారు?

"మంచిగ అంటున్నవ్ అబ్బా అని" అన్నాడాయన. "ఫికర్ చెయ్యకుండ్రి. పెద్దరోగం గాదు. అదైతే గింత గుచ్చినా తెలుస్తుండెనా? నీకేదో పడ్తలేదు. రోజు ఏం ముడ్తవమ్మా?"

"ఏం లేదు సారూ. పూలు" అంది అమ్మ.

నాకు అప్పుడు తట్టింది. జాకెట్టు చెయ్యి పైకి లాగాను. "నాకు గూడ లేసింది సారూ. గీ చేతికే. గా తెల్లపూల మోపు గీ చేతి మీదనే ఎత్తుకున్న."

ఆయన నా చెయ్యి కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూశాడు. ఆ మొక్క పేరేమిటని అడిగాడు. మా ముగ్గురికీ తెలియదు. "పేరేదైనా గానియ్యి, మీ ఇంట్ల దాన్ని ఉంచకుండ్రి. ఆమెను దగ్గరికి పోనియ్యకుండ్రి" అన్నాడు. దాన్ని వయ్యారిభామ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పేరు పెట్టినవాళ్ళను పట్టుకుని కడిగెయ్యాలనిపించింది.

నాయిన, నేను చేతులకు గోనెగుడ్డలు చుట్టుకుని అన్నీ పీకి తగలబెట్టాం. కార్తీకానికి అమ్మ చర్మం తేరుకుంది. చెల్లె మళ్ళీ అమ్మ ఒళ్ళోకి వచ్చింది. నాయనమ్మ తన చేత్తో అమ్మకు తల అంటింది. తప్పైందని మాత్రం అనలేదు, ఆ కాలం అత్తలకు ఆ అలవాటు లేదు.

కానీ పీకేలోపే అవి గింజలు రాల్చేశాయి. మరుసటి ఏడు మిరుగు వానకు అమ్మ పుట్టింటికి, మర్పల్లికి పోయి ఉంది. మూడోనాడు పెరట్లోకి పోయి చూద్దును గదా, చీలికల ఆకులు, నేలంతా. ఆ దవాఖానకు పోయినవాళ్ళు తిరిగి రారన్న నాయనమ్మ మాట నా చెవుల్లో వినబడింది. కూర్చుని పీకడం మొదలుపెట్టాను. గునుగు మొహం నాకు తెలుసు. బంతి వాసన తెలుసు. అయినా ఆగలేదు. ఎక్కడైనా ఒకటి దాక్కుంటుందేమోనని అన్నీ పీకాను. ఆకు అలాగే ఉందని చామంతి పిలకలు కూడా పీకాను. పది రోజులు ఏది లేస్తే అది పీకాను.

అమ్మ తిరిగొచ్చి ఆ బోడినేల చూసి నిలబడిపోయింది. "గునుగు గూడనా బిడ్డా?" అంది.

"నేనే పీకొద్దన్న అమ్మా, పోయినేడు" అన్నాను. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట అది. "నువ్వు పీకబోతుంటే నేనే నీ చెయ్యి వట్టుకున్న. పూలు లేకుంటె మానె. నువ్వుండాలె."

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు. నన్ను తిట్టలేదు, నీ తప్పు లేదని కూడా అనలేదు.

ఆ ఎంగిలిపూల నాడు వాడకట్టు ఆడవాళ్ళు గంపలు పట్టుకుని మా గడపలోకి వచ్చారు. ముందు పక్కింటి ఆమె. "వదినె, గునుగుకు వచ్చినం" అంది, తల ఎత్తకుండా. పెరట్లో గన్నేరు, మల్లె, నందివర్ధనం తప్ప ఏమీ లేదు. నేను సిగ్గుతో తలుపు చాటుకు పోయాను. అమ్మ మాత్రం గంప చంకన పెట్టుకుని, "ఇంట్ల లేకుంటె ఏమైతది, మా కంది చేన్ల గట్ల పొంటి మస్తుగున్నది, పాండ్రి" అంది. పక్కింటి ఆమె అమ్మ చెయ్యి పట్టుకుంది, వట్టి చేత్తో. అందరూ నడిచారు.

నేను వాళ్ళను దాటుకుని ముందుకు ఉరికాను. చేను గట్టు మీద అమ్మ వంగిన చోటల్లా ఆమెకన్నా ముందు నేను వంగాను. ఆమె చెయ్యి పెట్టబోయే ప్రతి మొక్క మొహం ముందు నేను చూశాను.