అరువెళ్లే స్టెప్నీ

సెలవులు దగ్గరపడితే ఊళ్లో అందరూ బట్టలు సర్దుకుంటారు. మా బాబాయి మాత్రం మొహం గంటు పెట్టుకుని తన టైర్ల షాపు ముందు నిలబడతాడు. కారు ఆగడం ఆలస్యం, స్టీరింగు దగ్గర కూర్చున్నవాణ్ణి నిలదీస్తాడు.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావ్?"

ఆ జవాబు నచ్చితేనే టైర్ల దగ్గరికి వస్తాడు. నాలుగింటికీ గాలి చూసి, అరుగుదల వేలితో తడిమి, డిక్కీ తెరిపిస్తాడు. అడుగునున్న స్టెప్నీని చూడాలంటే పెట్టెలన్నీ మళ్లీ దింపాలి. జనం విసుక్కుంటారు. ఆయన చెవికెక్కదు. వెనక సీట్లో పిల్లలకి బెల్టులు పెట్టేదాకా కారు తాళం తిరిగివ్వడు. చివరికి కారు నంబరు సుద్దముక్కతో షాపు గోడ మీద రాసుకుంటాడు. చేరినవాళ్లు ఫోన్ చేసి చెప్పాలి. చెబితే నంబరు తుడిచేస్తాడు. చెప్పకపోతే తనే ఫోన్ చేసి తలంటుతాడు. వెనకాల అందరూ ఆయన్ని హెడ్మాస్టరు అంటారు.

ఇంతమందిని క్షేమంగా సాగనంపిన మనిషి, మా పిన్నిని మాత్రం ఒక్కసారి కూడా సముద్రానికి తీసుకెళ్లలేకపోయాడు. నాలుగు గంటల దారి, అంతే. రైలు అటు పోదు. బస్సెక్కితే పిన్నికి రెండో మలుపులోనే కడుపులో తిప్పుతుంది. అదే కారు ముందు సీట్లో అద్దం దించి కూర్చోబెడితే మహారాణిలా ఉంటుంది. ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని ఆమెది. వరసగా మూడు రోజులు సెలవు దొరికేది ఏడాదికి ఒక్కసారే. ప్రతి ఏడూ సంచి సర్దుతుంది. ప్రతి ఏడూ ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు పాడైపోయిన స్టెప్నీతో దిగబడతారు. అప్పటికి షాపులో కొత్త టైర్లన్నీ అమ్ముడైపోయి ఉంటాయి. బాబాయి మా పాత కారు డిక్కీ తెరిచి, మా స్టెప్నీ అరువిచ్చేస్తాడు. అది లేకుండా తను వీధి చివరిదాకా కూడా బండి నడపడు. ఇంకేముంది, సంచి మళ్లీ అటకెక్కుతుంది.

చదువు కోసం వాళ్లింట్లోనే పెరిగినదాన్ని, నాకు ఒళ్లు మండేది.

"రెండు పెట్టుకోవచ్చుగా బాబాయ్?"

"పెట్టా. రెండోది నిన్న పోస్టుమాస్టరు పట్టుకెళ్లాడు."

ఒకసారి నేను గొంతు పెంచితే పిన్ని నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "రోజూ సాయంత్రం కర్ర ఆనించుకుంటూ వెళ్తారే, లెక్కల మాస్టారు..." అని మొదలుపెట్టింది. షాపు పెట్టిన కొత్తలో ఆయన పెళ్లాంపిల్లలతో ప్రయాణమై వచ్చారట. స్టెప్నీ పాతదే. బాబాయి పైపైన చూసి, "ఫర్వాలేదులెండి, వెళ్లొచ్చేస్తారు" అన్నాడట. దారిలో టైరు పేలింది. బదులు వేసిన స్టెప్నీ కాస్త దూరం కూడా రాలేదు. రోడ్డు పక్కన నిలబడి సాయం కోసం చెయ్యి ఊపుతుంటే మాస్టారికి లారీ తగిలింది. కుడికాలు పోయింది. ఆయన బాబాయిని పల్లెత్తు మాట అనలేదు. "ఏమయ్యా, బాగున్నావా?" అని రోజూ పలకరించి వెళ్తారు. దానికన్నా తిట్టినా బాగుండేది అనిపిస్తుంది నాకు. ఆ పలకరింపు విన్న తర్వాత బాబాయి బిగించిన నట్లనే మళ్లీ మళ్లీ బిగిస్తుంటాడు.

ఈ ఏడు ఆఖరి టైరు అమ్ముడవగానే పిన్ని ముందురోజే షాపు షట్టరు వేయించింది. తెల్లారగానే ముగ్గురం కారెక్కాం. బెల్టులు పెట్టుకున్నాం. బాబాయి మళ్లీ దిగి, మొట్టమొదటిసారి మా కారు నంబరు గోడ మీద రాశాడు.

"మన ఫోన్ ఎవరెత్తుతారు?" అన్నాను.

"వచ్చాక నేనే తుడుచుకుంటాలే," అన్నాడు సిగ్గుపడుతూ.

అంతలో మా కారుకి ఎదురుగా ఇంకో కారు వచ్చి ఆగింది. పడుచు జంట. ఆ అమ్మాయి ముందు సీట్లో పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉంది. వాళ్లూ సముద్రానికే.

"చూడకు బాబాయ్, బండి పోనీ," అన్నాను. నిజంగానే అన్నాను, దాచడం దేనికి.

ఆయన దిగాడు. తల్లీబిడ్డల్ని వెనక సీట్లోకి మార్పించాడు. స్టెప్నీ లాగి చూశాడు. రబ్బరు నిండా పగుళ్లు, ఇక్కడికే కనిపిస్తున్నాయి. బాబాయి పిన్ని వైపు చూశాడు. ఆమె ఒళ్లో సంచి ఉంది. కొత్త చెప్పులు వేసుకుంది. ఆయన చూపు తిప్పుకుని ఆ కుర్రాడి భుజం తట్టాడు.

"ఫర్వాలేదులే. వెళ్లొచ్చేస్తారు."

వచ్చి సీట్లో కూర్చున్నాడు. తాళం పెట్టాడు, తిప్పలేదు.

పిన్ని బెల్టు తీసేసింది. దిగి, డిక్కీ తెరిచి, మా చక్రాన్ని తనే దొర్లించుకుంటూ వాళ్ల కారు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది పెట్టుకోండి నాయనా. ఆయన తొందరలో మర్చిపోయాడు."

బాబాయి దిగి వాళ్ల నంబరు గోడ మీద మా నంబరు కిందే రాశాడు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పిన్ని ఇంకా మా కారులోనే, ముందు సీట్లో అద్దం దించుకుని కూర్చుని ఉంది. అన్నం కూడా అక్కడే తింది.

"చేరాం పిన్నిగారూ!" అంది ఆ అమ్మాయి.

"ఒడ్డునే ఉన్నారా తల్లీ? ఫోన్ కాస్త అలల వైపు తిప్పవా."

చాలాసేపు విన్నది. కళ్లు మూసుకుంది. నాకు మాత్రం గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఏడుపొచ్చింది.

బాబాయి తడిగుడ్డ తెచ్చి గోడ మీద వాళ్ల నంబరు తుడిచాడు. తర్వాత మా నంబరు మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"దాన్ని ముట్టుకోకు," అంది పిన్ని కారులోంచి. "మనమింకా చేరలేదు."