కన్సోల్‌లో ఐదోసారి

ఊరి నీళ్లకు క్లోరిన్ కలిపే పనంతా పెద్దాయన చేతుల్లోనే పెరిగి పెద్దదైంది. పల్లెబడిలో ఎనిమిదో తరగతి దాటని మనిషి. ప్లాంటుకు మొదటి కంప్యూటరు తెచ్చింది ఆయన, దాన్ని తనంతట తాను నేర్చుకున్నది ఆయన, ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క పూట కూడా కుళాయి ఆగనివ్వనిది ఆయన! ఆయన పట్టుబట్టి నిలుపుకున్న పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రం లోకం ఎప్పుడో వదిలేసింది. సర్వర్ అద్దెకిచ్చిన క్లౌడ్ కంపెనీ కూడా, "దీనికి మా సాయం ఉండదు. కన్సోల్ ఇస్తాం, మిగతాది మీ తిప్పలు" అనేసింది. కన్సోలంటే ఎక్కడో ఉన్న సర్వర్ తెరను ఇక్కడ చూపే నల్లటి కిటికీ.

ఆ ఉదయం, క్లోరిన్ మోతాదును నడిపే ఆ సర్వర్ దానంతటదే ఆగి లేచింది. దాన్లోకి వెళ్లే మామూలు దారి మూసుకుపోయింది. క్లోరిన్ మోతాదు మాత్రం పెరుగుతూనే ఉంది.

పెద్దాయన కన్సోల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టారు. తప్పంది. మళ్లీ కొట్టారు. తప్పే. కొట్టిన అక్షరాలు తెర మీద కనబడవు. ఐదు తప్పులైతే గంటసేపు ఎవరికీ ప్రవేశం లేదు. ఆ కట్టుబాటు పెట్టిందీ ఆయనే.

నాలుగు అయిపోయాయి.

అదే ప్లాంటులో ఇంజనీరైన కోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మామయ్యా, పేరు అడిగే చోట ఒకసారి కొట్టి చూడండి. అక్కడైతే అక్షరాలు కనిపిస్తాయి. మీ మాట అది తప్పుగా వింటోందేమో."

"నా మాట వినని కోడలుంది గానీ, వినని మిషన్ లేదమ్మా."

ఫోన్ మోగింది. పంపుల దగ్గరి ఫోర్‌మన్. "సార్, వాసన ఘాటుగా కొడుతోంది. మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. ఊరికెళ్లే పెద్ద వాల్వు కట్టెయ్యమంటారా?"

"నా హయాంలో ఆ వాల్వు కట్టింది లేదు. లైన్లో ఉండు."

ఒక్కో మీటా వెతికి నొక్కారు. ఎంటర్.

తెర మీద ఒకే మాట: లాక్ అయింది.

కోడలు చెయ్యి చాచి, పేరు అడిగే చోట 'ఎట్' గుర్తు నొక్కింది. తెర మీద కొటేషన్ గుర్తు పడింది. "సర్వర్ ఆగి లేచినప్పుడు దాని మీటల అమరిక మారిపోయింది మామయ్యా," అంది. పెద్దాయన పాస్‌వర్డ్ మధ్యలో ఉన్నది ఆ 'ఎట్' గుర్తే.

"కట్టెయ్యి," అన్నారు ఫోన్‌లో.

"కడుతున్నాం సార్. కానీ ముల్లు గీత దాటింది."

"ఎప్పుడు?"

"మీరు లైన్లో ఉండమన్నప్పుడే."

"మరి ఆ నీళ్లు?"

"ఊళ్లోకి వెళ్లిపోయాయి సార్. ఇది బిందెలు పట్టుకునే వేళ."

కోడలు అప్పటికే ఆస్పత్రి నంబరు వెతుకుతోంది.