బొగ్గు కింది మంచు

డెబ్బైల్లో నేను హైదరాబాదులో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, మంథని వైపు ఒక వాగులో రాళ్లు సుత్తితో కొట్టి పరిశీలించే పని నాకు అప్పగించారు. గోదావరిఖనిలో అక్కావాళ్ల క్వార్టర్లో ఉండి రోజూ బస్సులో పోయి, కొట్టిన రాళ్లను సంచిలో మోసుకు వచ్చేదాన్ని. బావ బొగ్గు బాయిలో, అదే గనిలో, పనిచేసేవాడు.

బొగ్గు పుట్టకముందు ఈ నేలంతా మంచు కింద ఉండేది. ఆ మంచు కదులుతూ రాళ్లను ఈడ్చుకుపోయింది. ఆ ఒరిపిడికి పడిన గీతలు రాళ్ల మీద ఇంకా ఉన్నాయి. ధ్రువాల దగ్గరి మంచు రేపు ఏమవుతుందో తెలియాలంటే, ఒకప్పుడు ఇక్కడ కరిగిన మంచు సంగతి తెలియాలనేవారు మా ప్రొఫెసర్. అక్కకు అదంతా చెప్పాను. ఎండకు మండిపోయే ఊళ్లో మంచేమిటని నవ్వింది.

వారం తిరక్కుండానే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు అక్కను అడిగారట, మీ చెల్లె కంకర కొట్టే కూలికి పోతోందా అని. ఆ సాయంత్రం అక్క నా మొహం చూడకుండానే చెప్పింది.

"రాళ్ల సంచి పట్టుకొని ముందటి నుంచి రాకు చెల్లె. డ్యూటీ కాడ బావకు తల కొట్టేసినట్టు అయితుందట."

ఆ రోజు నుంచి వెనక సందులోంచి వచ్చాను. ఎవరైనా ఎదురైతే సుత్తిని కొంగు చాటున దాచుకునేదాన్ని. నేను చేసేది తప్పు పని కాదని తెలుసు. అయినా సిగ్గుతో తల పైకి లేచేది కాదు.

కొన్నాళ్లకు ప్రొఫెసర్ జీపులో వచ్చారు. వాగులో మోకాళ్ల మీద కూర్చుని ఆయనే రాళ్లు కొట్టారు. తిరిగి వచ్చాక అక్క వాకిట్లో కుర్చీ వేసి అందరికీ టీ ఇచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లు మూగారు. బావ ఒక గీతల రాయిని చేతిలోకి తీసుకుని, తనతో పనిచేసేవాళ్లకు గొప్పగా చూపించాడు.

ప్రొఫెసర్ నా వైపు తిరిగి, ఈ గీతలేమిటో వీళ్లకు నువ్వే చెప్పమ్మా అన్నారు. అందరూ నన్నే చూశారు. తల దించుకుని, నడుముకు దోపుకున్న సుత్తిని కొంగుతో కప్పుకున్నాను. చివరికి ఆయనే చెప్పారు. నేను అక్కకు చెప్పిన మాటలే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అక్క వెనకే వచ్చింది.

"గదంతా నీకెరుకే గదనే. ఎందుకు చెప్పకపోతివి?"

కొంగు చాటు నుంచి సుత్తి తీసి గట్టు మీద పెట్టాను. కప్పులు కడుగుతూ ఉండిపోయాను.