చదివింది నిలవని ఏడాది

బాపట్లలో బీఈడీ చదివేటప్పుడు, లావవుతానన్న భయంతో తిండి దాదాపు మానేశాను. హాస్టల్లో అందరూ భోజనానికి వెళ్తే నేనొక్కదాన్నే గదిలో కూర్చుని ఒకే పేజీ పదిసార్లు చదివేదాన్ని. ఒక్క ముక్కా గుర్తుండేది కాదు.

చివరికి తెనాలిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్లాను.

"ఏం చదివినా నిలవట్లేదండి. బుర్ర మొద్దుబారిపోయింది."

"నెలసరి వస్తోందా అమ్మా?"

"ఎనిమిది నెలలుగా లేదండి."

"ఇంత బక్కచిక్కిపోయావు, సరిగ్గా తినక హార్మోన్లు పడిపోయాయి తల్లీ. జ్ఞాపకశక్తి మీద కూడా ఆ దెబ్బ పడుతుంది. నీ తెలివి ఎక్కడికీ పోలేదు."

ఆ మాటకి ఏడుపొచ్చేసింది. మా ఊరు రేపల్లెకి రైలెక్కేముందు, ప్లాట్‌ఫాం మీద రెండు ఇడ్లీలు తినడానికి గంట పట్టింది. పాఠాలు మళ్లీ తలకెక్కడానికి ఏడాది పైనే పట్టింది. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు.