లాభంతో మొదలెట్టే యంత్రం

సింహాద్రి ఉద్యోగమంతా రైలు పట్టాల మిల్లులో క్రేన్ మీద గడిచింది. రిటైరయ్యాక ఆ హిందీ ఉక్కు ఊళ్ళోనే రిసాలి పేటలో ఒక ఇల్లు, మేకుకు తగిలించిన హెల్మెట్టు, ఒక పాత కంప్యూటరు మిగిలాయి.

ఆ కంప్యూటరు రష్యా ఇంజనీరు ఒకాయన దేశం వెళ్ళిపోతూ ఇచ్చినది. పలకంత ఉంటుంది. మీటల మీద ఇంగ్లీషు అక్షరం, పక్కన రష్యా అక్షరం. తెర లేదు, టీవీకి తగిలించాలి. జ్ఞాపకం అంతంత మాత్రం. కరెంటు పోతే నేర్పినదంతా మరిచిపోతుంది. అందుకని ప్రోగ్రామును క్యాసెట్లో దాచుకోవాలి. క్యాసెట్ తిప్పితే చిలక పీక నొక్కినట్టు కీచుకీచుమంటూ మళ్ళీ ఎక్కుతుంది.

అటక మీద అది ఎన్నో ఏళ్ళు నిద్రపోయింది. సింహాద్రి దాన్ని దింపి, పవర్ హౌస్ బజారులో రేడియోలు బాగుచేసే అతనికి ఇచ్చాడు. చిన్న చిన్న ముక్కలు మార్చగానే బతికింది. ఆ రోజు సింహాద్రి అన్నం తినడం మరిచిపోయాడు. భార్య సత్యవాణి మరిచిపోలేదు.

"నా కుట్టుమిషను మంచం కిందకి. మీ డబ్బా బల్ల మీదకి. బాగుందండీ నాయం!"

సింహాద్రి ఒక పుస్తకం జిరాక్స్ కాగితాలు ముందేసుకుని, మొదట బేసిక్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. బేసిక్ అంటే ఇంట్లో మనిషికి చెప్పినట్టే. టీ పెట్టు అంటే పెడుతుంది, కాస్త నింపాదిగా. తరువాత అసెంబ్లీ భాష మొదలెట్టాడు. అది మొదలెట్టాక ఆయన మళ్ళీ మనిషి కాలేదు. అసెంబ్లీ అచ్చం క్రేన్ సైగలే. కింద నిలబడినవాడు అరచెయ్యి కిందికి చూపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఒక సైగకు ఒక పని. ఇక్కడ సైగలన్నీ అంకెలు. చివర 201 అని రాయాలి. 201 అంటే తిరిగి రా. అది రాయడం మరిచిపోతే యంత్రం ఎటో వెళ్ళిపోతుంది. టీవీ నిండా రంగుల చారలు ఉరకలేస్తాయి. మొదటిసారి అలా జరిగినప్పుడు సింహాద్రి భయపడలేదు. చప్పట్లు కొట్టాడు.

ఆయన రాసింది తంబోలా ఆట. ఏటా విశ్వకర్మ పూజ సాయంత్రం తెలుగువాళ్ళ హాల్లో తంబోలా ఆడతారు. ప్రతి కుటుంబానికీ తనదైన టికెట్ ఉంది, అట్ట మీద అంటించి ప్లాస్టిక్ తొడుగు వేసినది. దాన్ని మార్చరు, పారెయ్యరు. అంకె పిలిచినప్పుడు దాని మీద చింతపిక్క పెడతారు. అంకెలు పిలిచేది గణపతిరావు. సంచిలోంచి రేకు బిళ్ళ తీసి, మైకులో ఒక వెక్కిరింత విసిరి, అప్పుడు అంకె చెప్పేవాడు. ఈసారి ఆ పని యంత్రం చేస్తుందని సింహాద్రి ప్రకటించాడు.

"నా సంచీకి రిటైర్మెంటా, తమ్ముడూ?" అన్నాడు గణపతిరావు.

"ఒక్క ఏడాది చూడు, అన్నా."

సత్యవాణి ఇంకో మాట కలిపింది. "నలుగురిలో సరిగ్గా ఆడితే ఆ బల్ల దానిదే. తప్పు చేసిందా, తెల్లారి కబాడీవోడికి ఇచ్చేస్తాను. నా మిషను బల్ల ఎక్కుతాది."

సింహాద్రి ఒప్పుకున్నాడు. ఉక్కు ఊళ్ళో పాత సామాను కొనే కబాడీకి పోయినది ఏదైనా చివరికి కొలిమికే చేరుతుందని ఆయనకు తెలుసు.

నెలల తరబడి అంకెలు తీర్చాడు. తెర నిండే పెద్ద అంకె గిర్రున తిరిగి ఆగాలి. ఆగినప్పుడు క్రేన్ గంట మోగాలి. అదంతా అసెంబ్లీ. ఏ అంకె రావాలో ఎంచే పని మాత్రం బేసిక్‌కు వదిలేశాడు. అది చిన్న పని.

పొద్దున్నే యంత్రానికి బొట్టు పెట్టి ఆన్ చేసేవాడు. క్యాసెట్ ఎక్కించి ఆట నడిపేవాడు. మొదటి అంకె ఒకటి వచ్చేది. రోజూ ఒకటే. సింహాద్రికి ఒళ్ళు పులకరించేది. బియ్యం కొలిచేటప్పుడు వాళ్ళమ్మ మొదటి శేరును ఒకటి అనేది కాదు. లాభం అనేది. లాభం, రెండు, మూడు. రష్యాలో పుట్టినా యంత్రానికి మర్యాద తెలుసు అనుకున్నాడు. మళ్ళీ క్యాసెట్ ఎక్కించే బాధ పడలేక రాత్రిదాకా ఆపేవాడు కాదు. ఆటలన్నీ వేరువేరుగా వచ్చేవి. ఇంకేం కావాలి?

పూజ రోజు హాలు నిండింది. పక్క పేట మరోదా నుంచి కూడా వచ్చారు. సింహాద్రి మైకు పక్కన క్యాసెట్ పెట్టాడు. ఆ కీచుకు పిల్లలు చెవులు మూసుకున్నారు, ముసలివాళ్ళు దండం పెట్టారు. ఆపైన పెద్ద టీవీ మీద అంకె గిర్రున తిరిగి ఆగింది. గంట మోగింది.

"లాభం!" అన్నాడు సింహాద్రి మైకులో. హాలంతా నవ్వింది.

ఎనిమిది, నలభై, డెబ్భై రెండు, ఇరవై అయిదు, పద్దెనిమిది, పంతొమ్మిది, పదమూడు. పదమూడు దగ్గర, అందరికంటే ముందు అయిదు పిక్కలు పెట్టేసి, సత్యవాణి అక్క నూకమ్మ చెయ్యెత్తింది.

"జల్దీ ఫైవ్! ఓలమ్మో, నాకే!"

బహుమతిగా స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. ఆట చివరిదాకా సాఫీగా నడిచింది. జనం వన్స్ మోర్ అన్నారు. సింహాద్రి కాళ్ళు నేలకు ఆనడం లేదు. సత్యవాణి కూడా పక్కింటావిడతో "మా ఆయనే రాశారు" అనడం వినిపించింది.

అప్పుడే వంట చిట్టిబాబు చెట్నీ రుబ్బడానికి వచ్చాడు. గ్రైండరుకు ప్లగ్గు కావాలి. ఒకటి పీకాడు, అది యంత్రానిది.

టీవీ నల్లబడింది.

"నేనేటి చేసినాను, బాబూ? అల్లం చెట్నీ!"

మళ్ళీ క్యాసెట్, మళ్ళీ కీచు. రెండో ఆట మొదలైంది. లాభం. ఎనిమిది. నలభై. డెబ్భై రెండు. నూకమ్మ ఒక్కో చింతపిక్కా పెడుతూ సింహాద్రి వంక చూస్తోంది. పదమూడు దగ్గర చెయ్యి సగమే ఎత్తింది.

"మరిదీ... మళ్ళీ నాకే వచ్చినాది."

గణపతిరావు మైకు అందుకున్నాడు.

"అరె భాయ్, సెట్టింగ్ హై క్యా? వదినకి రెండు క్యారియర్లు! ఇంకా ఎవరెవరు చుట్టాలున్నారు తమ్ముడూ, ముందే చెప్పీ, మేం ఇంటికెళ్ళిపోతాం!"

నవ్వులు, ఈలలు. నూకమ్మ ముఖం కందిపోయింది. క్యారియర్ బల్ల మీద పెట్టేసింది. సత్యవాణి నవ్వలేదు. తన అక్కను దొంగ అన్నారు. ఆమె చూపు యంత్రం మీద పడింది. కబాడీ బండి ఎక్కించిన చూపు.

సింహాద్రి టీవీ కేసి చూస్తున్నాడు. లాభం, ఎనిమిది, నలభై. రోజూ పొద్దున్నే లాభం. అది మర్యాద కాదు. యంత్రానికి సొంత ఇష్టమంటూ లేదు. ముందు వచ్చిన అంకెను గుణించి, భాగించి, తరువాతి అంకె తీస్తుంది. పుట్టగానే దాని చేతిలో ఉండేది సున్నా. సున్నా నుంచి బయలుదేరితే దారి ఒక్కటే. వేరే చోట నుంచి బయలుదేరు అని చెప్పడానికి బేసిక్‌లో ఒక్క మాట చాలు, రాండమైజ్. జిరాక్స్ కాగితాల మొదట్లోనే ఉంది. అసెంబ్లీ కోసం పరిగెడుతూ ఆ కాగితం తిప్పేశాడు.

ఆయనకు ఏడుపు రావాలి. నవ్వు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. భుజాలు ఊగిపోయాయి.

"అన్నా, మైకు నీదగ్గరే ఉంచు," అన్నాడు. తానే వెళ్ళి ప్లగ్గు పీకాడు. "మళ్ళీ ఎక్కిస్తాను. ఈసారి నేను చెప్పను. అంకె మీరు చెప్పండి. తరువాత అది చెప్తాది."

"పాగల్ హో గయా," అన్నారెవరో.

కీచు ఆగింది. అంకె గిర్రున తిరగడం మొదలెట్టింది.

"చెప్పండి!"

నూకమ్మ నెమ్మదిగా అంది. "లాభం."

ఒకటి. గంట.

"ఎనిమిది!" ఇది మరోదా వాళ్ళు. ఎనిమిది వచ్చింది.

"నలభై!" సగం హాలు. "డెబ్భై రెండు!" హాలంతా. "పచ్చీస్!" అని హిందీలో పిల్లలు. తెర మీద తిరిగే అంకె ఆగేలోపు జనమే ఆపేస్తున్నారు. కుర్చీలు ఎక్కారు. గరిటెతో చిట్టిబాబు వచ్చాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, పదమూడు. తరువాత ఏమిటో సగంమంది మరిచిపోయారు, సగంమంది కొట్టుకున్నారు.

"అరవై మూడు!"

"కాదెహే, ఏడు!"

"ముందు అరవై మూడు, తరవాతే ఏడు! నా టికెట్‌లో రెండూ ఉన్నాయి, నాకు తెలీదేటి!"

అరవై మూడు. ఏడు. అరుపులకు పైకప్పు రేకులు మోగాయి. సంచి మరిచిపోయిన గణపతిరావు మైకులో యంత్రానికంటే ముందు అరిచాడు. "అరవై! రిటైర్మెంటు! ఇంటికెళ్ళి పప్పు రుబ్బు!" అరవై వచ్చింది. ఆయన తన తొడ తానే చరుచుకున్నాడు.

"వదినకి ఎవరూ సెట్ చెయ్యలేదు," అన్నాడు సింహాద్రి. "తప్పు నాది. యంత్రానికి తెలిసింది ఒక్క దారే. ఇంకో దారి నేనే చెప్పలేదు."

గణపతిరావు క్యారియర్ తీసి నూకమ్మ చేతిలో పెట్టాడు. "తీసుకో అక్కా. ఇంత గమ్మత్తు నా సంచి ఎప్పుడూ చెయ్యలేదు."

తెల్లారింది. పందెం పందెమే. సింహాద్రి తప్పు ఒప్పుకున్నాడు, అదీ మైకులో. వీధిలో కబాడీ అతని కేక వినిపించింది. లోహా, టీనా, ప్లాస్టిక్. సత్యవాణి కిటికీ తలుపు మీద చెయ్యి వేసింది.

"పోయేముందు ఒక్కసారి సరిగ్గా ఆడనీ," అన్నాడు సింహాద్రి. ఆ ఒక్క మాటా చేర్చాడు. అంకె తిరిగింది, ఆగింది. యాభై ఏడు.

"ఇదేటండీ?" సత్యవాణి వెనక్కి తిరిగింది. "ఎత్తుకోడమే యాభై ఏడా? లాభం ఏదీ?"

"అదే కదే తప్పు."

"నిన్న తప్పు కావచ్చు. లాభం లేకుండా ఎవులైనా మొదలెడతారా? మా అమ్మ చూస్తే మొత్తుకునేది. పెట్టండి."

"ఒకటి ఉన్నవాళ్ళే గెలుస్తారే ప్రతీసారీ."

"దాని మీద ఎవులూ పిక్క పెట్టకూడదు. అది అందరిదీ. తరవాత నుంచీ లెక్క."

సింహాద్రి ఆమెను చూశాడు. అది మంచి ప్రోగ్రాము. అంత మంచిది ఆయనకు తట్టలేదు.

"టైమ్ పడతాదే."

"పడనీండి."

ఆమె మంచం కింద నుంచి కుట్టుమిషను లాగింది. యంత్రాన్ని చేతి వెడల్పంత పక్కకు జరిపి, బల్ల రెండో చివర మిషను పెట్టింది. సింహాద్రి మీటలు నొక్కాడు. రన్ అన్నాడు. గిర్రున తిరిగి ఆగింది. గంట.

"లాభం," అంది సత్యవాణి.

కబాడీ కేక వీధి మలుపు తిరిగింది.