మనవాళ్ళు లేని పేట

నిన్న పొద్దున్న మా అమ్మాయి అరుగు మీద కూర్చుని, ఫోనులో చెన్నై పటం తెరిచి, రెండు వేళ్ళతో సాగదీస్తూ, దగ్గరకి లాగుతూ ఒకటే హైరానా పడింది. కాలేజీ స్నేహితురాళ్ళతో నాలుగు రోజులు వెళ్తున్నారు. సముద్రం పక్కన గది తీసుకుంటే బజారు దూరమట, బజారు దగ్గర తీసుకుంటే సముద్రం దూరమట. చివరికి విసుగొచ్చి, "అమ్మా, నువ్వు చెప్పు, ఏ పేటలో దిగమంటావు?" అంది. "అక్కడ మనవాళ్ళెవరూ లేరు కదా?" అన్నాను. "ఎవరూ లేరు. ఏం, భయమా?" అంది. భయం కాదు, నాకు నవ్వొచ్చింది. పెద్ద ఊళ్ళో మనవాళ్ళు లేని పేట కోసం మేం ఒకసారి పడ్డ పాట్లు గుర్తొచ్చి, చేటలో బియ్యం అలాగే వదిలేసి కూర్చుండిపోయాను.

మా కోనసీమవాళ్ళకి పట్నం వెళ్ళడమంటే ఏ పేటలో దిగాలన్న ప్రశ్న కాదు, ఎవరింట్లో దిగాలన్నదే. హైదరాబాదు మాకు వీధులుగా తెలియదు, చుట్టాలుగా తెలుసు. కూకట్‌పల్లి అంటే మావయ్య. దిల్‌సుఖ్‌నగర్ అంటే పిన్ని ఆడపడుచు. ఒకరింట్లో దిగితే రెండోవారికి కోపం, ఇద్దరిళ్ళలోనూ చెరో రోజు ఉంటే ముందెవరింటికి వెళ్ళారన్న దగ్గర కోపం. ఇక లాడ్జిలో దిగితే చుట్టరికం తెంచుకున్నట్టే లెక్క. మా నాన్నగారు ఎప్పుడో స్టేషను దగ్గర లాడ్జిలో ఒక్క పూట తలదాచుకున్న సంగతిని మావయ్య ఇప్పటికీ పెళ్ళిభోజనాల్లో, సరిగ్గా పెరుగన్నం దగ్గర ఎత్తుతాడు.

అలాంటిది, నాలుగేళ్ళ కిందట మా పిన్ని కువైట్ నుంచి వీడియో కాల్ చేసి ఒక కోరిక కోరింది. పిన్ని అంటే మా అమ్మకి స్వయానా చెల్లెలు. బాబాయి పోయాక పిల్లలిద్దర్నీ మా అమ్మ దగ్గర వదిలి, అక్కడొక పెద్దింట్లో పనికి వెళ్ళింది. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేది, వెళ్ళేది. పిల్లలు స్థిరపడ్డారు, రాజోలులో చిన్న డాబా లేచింది. ఇక వచ్చేయమని అందరం పోరుతున్నాం. ఆ రోజు ఫోనులో గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"వచ్చేస్తున్నానే అమ్మాయ్, మళ్ళీ వెళ్ళేది లేదు. ఇన్నిసార్లు హైదరాబాదులో దిగేను గానీ, ఎయిర్‌పోర్టు నుంచి బస్సు దాకా తప్ప ఊరు చూళ్ళేదు. రెండ్రోజులు ఉండాలనుంది. తమ్ముడింట్లో వద్దు, ఎవరింట్లోనూ వద్దు. ఇన్నేళ్ళూ ఒకళ్ళింట్లోనే కదా ఉన్నాను. తాళంచెవి నా దగ్గరుండే గది చూడండి. వెళ్ళేటప్పుడు వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పుకుంటాను."

అక్కడ పిన్నిది వంటింటి పక్క గది. కిటికీ లేదు, తలుపుకి లోపల గడియ లేదు. గోడకి ఒక బెల్లు మాత్రం ఉండేది. అది ఏ వేళప్పుడు మోగితే ఆ వేళప్పుడు లేవాలి. సెలవు మీద వచ్చినప్పుడు మా వీధిలో సైకిలు బెల్లు వినపడినా మంచం మీంచి లేచి నిలబడేది. అందుకని ఆమె ఆ మాట అన్నాక ఎలాగైనా ఆ రెండు రోజులూ ఆమెకి దక్కించాలని నాకు పట్టుదల వచ్చేసింది.

మా ఆయనది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. సరుకు ఎటు పంపాలో ఆలోచించినంత దీక్షగా పటం ముందేసుకుని కూర్చున్నారు. ఫోనులో పిన్ని, పటం మీద ఆయన వేలు, మధ్యలో నేను. కూకట్‌పల్లి సరే, మావయ్య సంగతి అలా ఉంచి, అక్కడ కూరల బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు మన గోదావరి యాసలో 'ఆయ్' అంటారు. అమీర్‌పేట నిండా కంప్యూటరు కోర్సులు నేర్చుకునే మా చుట్టాల పిల్లలే. సికింద్రాబాదులో తెల్లారేసరికి మన రైళ్ళు సగం గోదావరి జిల్లాని దింపేస్తాయి. బంజారా హిల్స్‌లో మాత్రం మాకెవరూ లేరు. "ప్రశాంతంగా ఉంటుందండి అత్తయ్య గారూ, పెద్ద పెద్ద గోడలు, బయట మనిషి కనపడడు" అన్నారు మా ఆయన. "గోడల మధ్య చాలా ఉన్నానండి అల్లుడుగారూ" అంది పిన్ని. ఆయన వేలు మెల్లిగా కిందకి జారి మూసీ దాటి చార్మినార్ దగ్గర ఆగింది. అక్కడ మనవాళ్ళెవరూ లేరు గానీ మనకి భాష రాదే అని ఆయన నసిగితే, "నాకు వచ్చండి" అంది. నిజమే, ఆ ఇంటి వంటమనిషి దగ్గర హిందీ, ఇంటివాళ్ళ దగ్గర అరబ్బీ నేర్చింది. మా మొత్తం వంశంలో ఆ పేటలో ధైర్యంగా మాట్లాడగలిగే మనిషి ఆమె ఒక్కతే. దాంతో పేట ఖాయమైంది.

పిన్ని వచ్చేదాకా ఆ పది రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. పెళ్ళికి కూడా అంత సంబరపడలేదు. కొత్త చెప్పులు కొన్నాను. ఇరుగుపొరుగుకి తిరుపతి అని చెప్పాను, తిరిగొచ్చాక ప్రసాదం అడుగుతారన్న ఆలోచన రావులపాలెంలో బస్సు ఎక్కాక గానీ రాలేదు.

ఎయిర్‌పోర్టులో పిన్నిని కలుసుకుని నేరుగా లాడ్జికి వెళ్ళాం. గది మూడో అంతస్తులో. పిన్నికొకటి, మాకు పక్కదొకటి. పిన్ని తాళం తనే తీసింది, లోపలికెళ్ళి గడియ వేసుకుంది, మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది. కిటికీ తెరిస్తే రెండు మేడల సందులోంచి ఒక మినారు, దాని చుట్టూ పావురాలు, కింద గాజుల దుకాణాల వీధి. బొగ్గుల మీద కరిగే లక్క వాసన, అత్తరు, ఎక్కడో వేగుతున్న సమోసాలు అన్నీ కలిసి పైకొచ్చాయి. మంచం పక్కన గోడకి ఒక మీట కనిపించింది. ఏమిటని అడిగింది. నొక్కితే మనిషి వస్తాడని చెప్పాను. చాలాసేపు దాన్నే చూసి, వేలు అలా తాకించింది, అంతే, అది మోగింది. నెరిసిన గడ్డం పెద్దాయన ఒకరు వచ్చి తలుపు కొట్టాడు. పిన్ని అలవాటు కొద్దీ చటుక్కున లేచి నిలబడింది. ఏం కావాలో చెప్పలేక, హిందీలో, మీరు టీ తాగారా అని ఆయన్నే అడిగింది.

మొదటి రోజు దివ్యంగా గడిచింది. రెండో రోజు పొద్దున్న మా ఆయన ఫ్లాస్కు పట్టుకుని కాఫీ కోసం మూసీ వంతెన దాటి వెళ్ళారు. అక్కడ హోల్‌సేల్ కొట్ల వీధిలో లారీ నుంచి కొబ్బరికాయలు దిగుతున్నాయి. కొబ్బరికాయల పక్కనుంచి ఊరికే నడిచి వెళ్ళిపోవడం ఆయన జన్మలో చేతకాదు. ఒక కాయ తీసి, చెవి దగ్గర ఊపి, గోటితో మీటి, "ఇది మన కాయే" అన్నారట. "ఆయ్, అంబాజీపేట కాయేనండీ. తమరిదే ఊరండీ?" అన్నాడట కొట్టాయన. ఆ కొట్టాయనదీ మా కోనసీమే, ఉప్పలగుప్తం. మేం పండక్కి మావయ్యకి పంపే కొబ్బరికాయల బస్తా లారీ ఎక్కేవరకే మాకు తెలుసు. అది దిగేది ఆ కొట్లోనే. "కూకట్‌పల్లి బస్తా తమరిదేనాండీ!" అని ఆ మంచి మనిషి పొంగిపోయి, అక్కడికక్కడే మావయ్యకి ఫోన్ కొట్టి ఈయన చేతికిచ్చాడు. మావయ్య గుచ్చి గుచ్చి అడిగితే పిన్ని సంగతీ, లాడ్జి పేరూ బయటపడ్డాయి.

మా ఆయన ఒక చేత్తో ఖాళీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో కొట్టాయన ఊరికే ఇచ్చిన కొబ్బరికాయతో తిరిగొచ్చారు. మొహం చూస్తేనే నాకు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది గానీ కోప్పడే వ్యవధి కూడా లేదు. పదింటికల్లా మావయ్య వచ్చాడు. మావయ్యే ఫోన్ చేసి చెప్పినట్టుంది, వెనకే అన్నం క్యారేజీతో దిల్‌సుఖ్‌నగర్ ఆడపడుచు గారు వచ్చారు. మావయ్య కూర్చోకుండానే, "పెట్టె సర్దక్కా. తమ్ముడి ఇల్లుండగా లాడ్జిలోనా? నలుగురూ వింటే నా మొహం ఏం కాను?" అన్నాడు. ఆడపడుచు గారు పైటతో కళ్ళు ఒత్తుకున్నారు. పిన్ని ఎవరి మాటా కాదన్న మనిషి కాదు. ఇక కూకట్‌పల్లి వంటింట్లో కూరలు తరుగుతూ గడుస్తుంది ఆ మిగిలిన రోజు అనుకున్నాను.

పిన్ని మంచం మీద దుప్పటి సవరించింది. "కూర్చోరా" అంది నెమ్మదిగా. "ఇది నా గది. రేపు పన్నెండింటి దాకా నాదే. నా ఇంటికి మీరు రావడం ఇదే మొదలు, మంచినీళ్ళన్నా తాగకుండా వెళ్తారేంటి? వదినగారూ, మీరు ఆ క్యారేజీ అక్కడ పెట్టేయండి. ఈ పూట భోజనం నాది." అని, గోడ మీద మీట గట్టిగా నొక్కింది.

ఈసారి లేచి నిలబడలేదు. పెద్దాయన వస్తే, పేరు పేరునా అడిగి అందరికీ టీ, ఉస్మానియా బిస్కట్లు తెప్పించింది. మావయ్య టీ కప్పు పట్టుకుని, మంచం అంచున, కొత్త అల్లుడిలా ఒద్దికగా కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించింది. సాయంత్రం మా అందర్నీ వెంటేసుకుని గాజుల బజారంతా తిప్పింది. తను ముందు నడుస్తూ, హిందీలో బేరమాడుతూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి తప్పిపోకుండా చూసుకుంటూ. ఆడపడుచు గారికి తనే గాజులు తొడిగింది. చీకటి పడ్డాక వాళ్ళని సాగనంపడానికి మెట్లు దిగి వీధి దాకా వచ్చి, "మళ్ళీ రండి" అంది. మావయ్య, "ఆయ్, వస్తాం అక్కా" అన్నాడు. మర్నాడు ఖాళీ చేసే గదికి మళ్ళీ ఎలా వస్తారో ఎవరికీ తట్టలేదు. ఆ క్షణాన నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

మా అమ్మాయి చివరికి సముద్రం వైపే గది తీసుకుంది. ఆ మాట చెప్పడానికి రాజోలు ఫోన్ చేస్తే పిన్ని, "లోపల గడియ ఉందేమో చూసుకోమను" అని, అక్కడితో ఆగకుండా చార్మినార్ ఎత్తుకుంది. కువైట్ గురించి ఎవరైనా అడిగితే, "ఏముందీ, పని చేసేం, వచ్చేం" అంటుంది, అన్నేళ్ళూ ఆ రెండు మాటల్లో అయిపోతాయి. ఆ రెండు రోజులు మాత్రం, నాలుగేళ్ళుగా చెప్తూనే ఉంది, ఇంకా అయిపోలేదు.