ఆయ్‌కీ ఐవాకీ మధ్య

గెడ్డం ఏసుదాసు రాజోలు దగ్గర పుట్టాడు. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. ఏసుదాసు పదహారో ఏట చెట్టెక్కాడు. ఇరవై ఆరో ఏట ఒమన్ వెళ్ళి, ఖర్జూరం తోటల్లో పదకొండేళ్ళు పనిచేశాడు. చెట్టు మారింది. ఎక్కడం మారలేదు. పురుగూ మారలేదు.

ఎర్రముక్కు పురుగు రెండు చోట్లా ఒకటే. మాను లోపల చేరి తింటుంది. పైకి చెట్టు నిండుగా, పచ్చగా ఉంటుంది. చెట్టు తలమీది లేత మొవ్వు వాలేసరికి లోపల పిప్పి మిగులుతుంది. ఏసుదాసు మానుకి చెవి ఆనించి ఆ పురుగు నమిలే చప్పుడు వినేవాడు. ఎవరూ నేర్పలేదు. ఎండుటాకుని రెండు వేళ్ళ మధ్య నలిపినట్టు ఉంటుందని చెప్పేవాడు.

అరబ్బీ అతనికి తోటలోనే వచ్చింది. రాజోలు మనిషి ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ‘ఆయ్’ అంటూ ఉంటాడు. ఒప్పుకున్నట్టు కాదు. వింటున్నాను, చెప్పండి అని. అరబ్బీలో అవుననడానికి ‘ఐవా’ అంటారు. ఏసుదాసు ఆయ్ అంటే యజమానికి ఐవా అని వినబడేది. పదకొండేళ్ళూ ఆ పొరపాటు మీదే ఉద్యోగం సాఫీగా నడిచింది. నీళ్ళు పెట్టమన్నా ఆయ్, పండగ రోజు పనికి రమ్మన్నా ఆయ్. తిరిగొచ్చాక ఇంటి దగ్గరా అంతే. భార్య అమ్మాజీ దెప్పేది.

“ఆవుని బేరమాడినోడు దూడని కూడా ఇమ్మంటే ఆయ్. పలుపు కూడా ఇమ్మంటే ఆయ్. నన్ను కూడా తోలుకుపోతానంటే ఏమంటారో చూడాలి.”

“అప్పుడు ఆలోచిస్తాన్లే” అనేవాడు ఏసుదాసు.

అతని అక్క కూతురు షైనీ కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, అమలాపురంలో కాలువ పక్కన రెండు గదులు తీసుకుని చిన్న కంపెనీ పెట్టింది. ఆమె, ఇద్దరు పనివాళ్ళు, మావయ్య. మానులోకి సన్నటి మేకు దింపి, దాని తలకి ఒక పెట్టె తగిలిస్తే లోపలి చప్పుడు ఫోనుకి చేరుతుంది. పురుగు ఉందో లేదో ఫోను చెబుతుంది. ఆ ఫోనుకి చెప్పడం నేర్పింది ఏసుదాసే. నాలుగేళ్ళు ముక్తేశ్వరం చుట్టుపక్కల తోటల్లో తిరిగాడు. తొమ్మిది వేల చెట్ల చప్పుళ్ళు ఒక్కొక్కటీ విని, ఇది పురుగు, ఇది గాలి, ఇది ఉడుత, ఇది పక్క చేలో మోటారు అని విడదీశాడు. పెట్టె ఎవరైనా చేస్తారు, ఆ చప్పుళ్ళే మన ఆస్తి అనేది షైనీ. పెట్టెకి ‘చెవి’ అని పేరు పెట్టారు.

నిరుడు చలికాలంలో, చిన్న టెక్నాలజీ కంపెనీలకి విదేశాల్లో భాగస్వాముల్ని వెతికిపెట్టే వాణిజ్య బృందం ఒకటి ఒమన్‌లోని మస్కట్ బయల్దేరింది. పన్నెండు కంపెనీలు. అందులో ఇదొకటి. బృందాన్ని నడిపించినది శ్రీరామచంద్రమూర్తి గారనే అధికారి. ఒక హోటల్ హాల్లో బల్లలు వేశారు. ఒక్కో బల్ల దగ్గర అక్కడి వ్యాపారి ఒకరు, ఇరవై నిమిషాలు. గంట మోగితే లేచి పక్క బల్లకి వెళ్ళాలి.

మొదటిరోజు షైనీకి ఒకే సమయానికి రెండు బల్లలు పడ్డాయి. ఒకదానికి తను వెళ్ళింది. రెండోదానికి మావయ్యని పంపింది. పెట్టె చూపించి, చప్పుడు వినిపించి రమ్మంది. ఆ బల్ల సాలిం అనే వ్యాపారిది. ఆయనకి సొంత ఖర్జూరం తోటలున్నాయి, వ్యవసాయ యంత్రాల దుకాణాలున్నాయి. వచ్చినతను అరబ్బీ మాట్లాడతాడని తెలిసి సాలిం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇరవై నిమిషాలు తనే మాట్లాడాడు. ఏసుదాసుకి నీళ్ళు, నిచ్చెన, పురుగు, పండు తెలుసు. వ్యాపారం మాటలు సగం తెలియలేదు. పెద్దమనిషి చెబుతున్నాడు కదా అని మాటమాటకీ ఆయ్ అన్నాడు. పక్కన సాలిం గుమాస్తా అదంతా టైపు చేస్తూ పోయాడు.

మర్నాడు పొద్దున్నే మూర్తి గారు కాగితం పట్టుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. బృందానికి ఇదే మొదటి ఒప్పందమనీ, పదకొండింటికి సంతకాలు, ఫొటో అనీ చెప్పారు. షైనీ నిలబడే చదివింది. ఇప్పటివరకు పోగుచేసిన చప్పుళ్ళు, ఇకముందు చేయబోయేవి అన్నీ సాలిం కంపెనీకి చెందుతాయి. పెట్టె మీద వాళ్ళ పేరే ఉంటుంది. అమలాపురం కంపెనీ ఇంకెవరికీ అమ్మకూడదు.

“మావయ్యా, అన్నిటికీ ఒప్పుకున్నావని రాసేరు.”

“వింటున్నానన్నానమ్మా. అంతే.”

ఎలా అన్నావని అడగబోయి ఆగిపోయింది. ఆమెకి అర్థమైంది. ఏసుదాసుకి కూడా అప్పుడే అర్థమైంది. నాలుగేళ్ళు మానులకి ఆనించిన చెవి వేడెక్కింది.

ఇప్పుడు చెడగొట్టొద్దని మూర్తి గారు మెల్లగా అన్నారు. సంతకం పెట్టేస్తే తర్వాత ఉత్తరాల్లో సర్దుకోవచ్చన్నారు. షైనీ ఒప్పుకోలేదు. తను ఇంగ్లీషులో వద్దని చెప్పగలదు. కానీ సాలిం మాట విన్నది ఏసుదాసు నోట. మేనకోడలు వచ్చి కాదంటే మావయ్యని మాట తప్పినవాడు అనుకుంటాడు.

“నువ్వే చెప్పాలి మావయ్యా. నేను పక్కనుంటాను.”

అరబ్బీలో కాదనడానికి ‘లా’ అంటారు. పదకొండేళ్ళు ఆ మాట వింటూనే ఉన్నాడు. ఏ అరబ్బు ముందూ అనలేదు. బల్లల మధ్య నడుస్తూ పెదవుల్లో ఒకసారి అనుకున్నాడు. సాలిం లేచి చెయ్యి కలిపి, కలం అందించాడు. ఏసుదాసు కలం తీసుకుని కాగితం మీద పడుకోబెట్టాడు.

“లా” అన్నాడు.

సాలిం చెయ్యి అక్కడే ఆగింది. నిన్న పద్దెనిమిదిసార్లు ఐవా అన్నావు కదా అన్నాడు. గుమాస్తా లెక్కపెట్టాడట. ఏసుదాసు తోట అరబ్బీలో చెప్పాడు. నేనన్నది ఐవా కాదు, ఆయ్. మా ఊళ్ళో ఆ మాటకి అర్థం నా చెవి మీ దగ్గరుంది అని, నా చెట్టు మీదైపోయిందని కాదు. చప్పుళ్ళు మావి. మీ దేశంలో పెట్టె మీరు అమ్మండి. పేరు రెండూ ఉండాలి. మీ తోటల్లో కొత్తగా పట్టే చప్పుళ్ళు ఇద్దరివీ.

అంత పొడుగు మాట అతను ఆ దేశంలో ఎప్పుడూ మాట్లాడలేదు. 

సాలిం కోప్పడలేదు. ఈ ‘లా’ అంత విలువ చేస్తుందో లేదో తోటలో చూద్దామన్నాడు. బర్కాలో తన తోట ఉంది. పోయిన వారమే చెట్లన్నీ పరీక్ష చేయించాడు, ఒక్కదానికీ పురుగు లేదని తేల్చారు. ఫొటో వాయిదా పడింది. మూర్తి గారు నిట్టూర్చి, తనూ కారెక్కారు.

బర్కా తోటలో పెట్టె తగిలించిన ఇరవై రెండు చెట్లకి ఫోను పచ్చగా చూపించింది. ఇరవై మూడోది ఎర్రబడింది. తోటమేస్త్రీ నవ్వాడు. గెలలు బాగా వేసే చెట్టు అదే. ఫోను నేర్చుకున్నది కొబ్బరి మీద; ఖర్జూరం మాను చుట్టూ మట్టల మొదళ్ళు, పీచు ఉండి చప్పుడు పలచగా వస్తుంది. షైనీ మావయ్యకేసి చూసింది. ఏసుదాసు మానుకి చెవి ఆనించాడు. అందరూ నిలబడ్డారు. దూరంగా పంపు కొట్టుకుంటోంది. దాన్ని పక్కకి తీసేశాడు. గాలిని తీసేశాడు. మిగిలినది విన్నాడు.

“ఇక్కడ కొట్టించండి” అని జానెడు మేర వేలితో గీశాడు.

ఉలి వేసిన మూడో దెబ్బకి తడి పిప్పి రాలింది. ఆ వెనక బొటనవేలంత తెల్లటి పురుగులు మూడు, ఎండ తగిలి ముడుచుకున్నాయి. మేస్త్రీ నవ్వు ఆపేశాడు. సాలిం ఒక పురుగుని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గుమాస్తాకి కొత్త కాగితం తీయమన్నాడు. అక్కడే, కారు ముందు భాగం మీద పెట్టి రాయించాడు. ఏసుదాసు చెప్పిన నాలుగు మాటలూ ఎక్కాయి. షైనీ రెండుసార్లు చదివింది. ఆమె, సాలిం సంతకాలు పెట్టారు. ఫొటో తోటలోనే తీశారు. అందులో మూర్తి గారి చేతిలో ఉలి ఉంది, ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలియదు.

వేసవికి రెండు వందల పెట్టెలు మస్కట్ వెళ్ళాయి. ఒకరోజు ఏసుదాసు ముక్తేశ్వరంలో మేకు దింపుతుంటే సౌదీ నుంచి ఫోను వచ్చింది. సాలిం స్నేహితుడు, పెద్ద తోటల ఆసామి. తన షరతులు గబగబా చెప్పుకుపోయాడు. ఏసుదాసు చివరిదాకా ఒక్క ఆయ్ కూడా అనకుండా విన్నాడు. అవతలివాడు లైనులో ఉన్నావా అని అడిగాడు.

“ఉన్నానండి. కాగితం పంపండి. మా షైనీ, నేనూ చదివి చెబుతాం.”

ఫోను జేబులో పెట్టుకుని తరవాతి చెట్టు దగ్గరికి నడిచాడు.